కనబడని వానను లెక్కపెట్టగలమా?



ఈ మాసము ఒక తల్లి రాసిన ఉత్తరముతో మొదలుపెడుతున్నాను. ఆమెది విజయనగరము జిల్లాలో రామతీర్థం పక్కనున్న ఒక పల్లె. ఉత్తరమును కొంత తగ్గించి ఇక్కడ ఇస్తున్నాను.

“అక్కయ్యగారికి వందనములు. మొన్న ఒక సాయంత్రము మా ఊళ్లో అందరి ఫోన్లకూ ఒక కబురు వచ్చింది. ఆ రాత్రి 12.30 నుండి 3.30 వరకు కాస్మిక్ కిరణాలు భూమికి దగ్గరగా పోతాయట. ఫోను పక్కన పెట్టుకొని పడుకుంటే ప్రాణానికి ముప్పట. నాసా వాళ్లే చెప్పారట. మా మామగారు భయపడి ఇంట్లో ఫోన్లన్నీ ఆపించేశారు. పాప నాన్న విశాఖపట్నములో రాత్రి కాపలా పని చేస్తారు. ఆ రాత్రే ఆయనకు జ్వరము ముంచుకొచ్చి మాకు మూడు సార్లు ఫోను చేశారు. మా ఫోన్లు ఆపి ఉన్నాయి. దేవుని దయ వలన తోటివారు చూసి ఆసుపత్రికి తీసుకెళ్లారు. మా పాప తొమ్మిదో తరగతి. తెల్లారి అది నన్ను అడిగింది: ‘అమ్మా, ఆ కిరణాలు వచ్చాయో రాలేదో మనకెలా తెలుస్తుంది? ఎవరైనా లెక్కపెట్టారా?’ బడిలో అడిగితే అది పరీక్షకు రాదు, కూర్చో అన్నారట. నేను ఏడు వరకే చదివాను. దానికి ఏమి చెప్పను?”

చెల్లెమ్మా, మీ ఉత్తరము రెండు సార్లు చదివాను. మీ పాప అడిగిన ప్రశ్న చాలా మంచి ప్రశ్న. నూరేళ్ల క్రిందట పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు బెలూనెక్కి ఆకాశములోకి పోయింది సరిగ్గా ఆ ప్రశ్నకు జవాబు వెదకడానికే. ఈ రోజుల్లో తొమ్మిదో తరగతి పిల్లలే తమ చేతులతో జవాబు తెచ్చుకోవచ్చు. అందుకే ఈ నెల కబుర్లన్నీ దాని మీదనే.

ముందు ఆ కబురు సంగతి

అది అబద్ధము. పదేళ్లకు పైగా అదే కబురు, అవే గంటలతో, మన దేశములో మళ్లీ మళ్లీ తిరుగుతోంది. మొదట్లో ఎస్.ఎమ్.ఎస్.గా వచ్చేది, తరువాత వాట్సాప్‌లో వస్తోంది. ఫోను ఆపినందువలన విశ్వకిరణాలు ఆగవు, ఫోను ఉన్నందువలన ఎక్కువా రావు.

అయితే విశ్వకిరణాలు అన్నవి మాత్రము నిజము. అవి ఒక్క రాత్రి వచ్చిపోయేవి కావు. పగలనక రాత్రనక, మీరు ఈ పత్రిక చదువుతున్న ఈ నిమిషములో కూడా కురుస్తూనే ఉన్నాయి. సూర్యుని దగ్గర నుండి కొన్ని, నక్షత్రాల మధ్యనున్న దూర ప్రదేశాల నుండి మరికొన్ని అతి సూక్ష్మమైన కణాలు గొప్ప వేగముతో వచ్చి మన గాలి పొర పైభాగమును తాకుతాయి. అక్కడ గాలిలోని అణువులను గుద్దుకొని చిన్న చిన్న కణాల జల్లుగా విడిపోతాయి. ఆ జల్లులో మన నేల వరకు దిగివచ్చే వాటిలో ఎక్కువ భాగము మ్యూయాన్లు అనే కణాలు.

ఎన్ని వస్తాయి? సముద్ర మట్టము దగ్గర ఒక చదరపు సెంటీమీటరుకు, అంటే చిటికెన వేలి గోరంత చోటుకు, నిమిషానికి సుమారు 1. అరచేయి చాపి పట్టుకుంటే సెకనుకు ఒకటికి పైగా చేతి గుండా దూసుకుపోతాయి. పెంకుటిల్లు గాని డాబా గాని వాటిని ఆపలేవు. ఇవి మనిషి పుట్టక ముందు నుండీ పడుతున్నాయి. మన నేలలోని రాయి, మనము పీల్చే గాలి, తినే తిండి కూడా కొంత సహజ వికిరణమును ఇస్తూనే ఉంటాయి. విశ్వకిరణాల వంతు అందులో ఒక భాగము మాత్రమే. కనుక మీ మామగారికి చెప్పండి, ఈ వానకు భయపడి గొడుగు పట్టనక్కర లేదు.

మరి కంటికి కనబడనిది, చేతికి తగలనిది వస్తున్నదని ఎలా తెలిసింది?

ఒక సీసా, రెండు రేకులు

ఎనిమిదో తరగతిలో పిల్లలు ఖాళీ జామ్ సీసాతో ఒక బొమ్మ చేస్తారు. మూతకు రంధ్రము చేసి ఒక తీగ దించి, తీగ చివర రెండు పలుచని అల్యూమినియం రేకులు తగిలిస్తారు. విద్యుదావేశము ఇస్తే రేకులు విడిపోయి నిలుస్తాయి. దాని పేరు విద్యుద్దర్శిని. కొంతసేపటికి రేకులు మెల్లగా మళ్లీ దగ్గరకు వచ్చేస్తాయి. ఎవరూ తాకకుండానే ఆ ఆవేశము ఎక్కడికి పోయింది?

మన పక్క గాలిలో తేమ ఎక్కువ గనుక చాలా భాగము ఆ దారినే కారిపోతుంది. కాని శాస్త్రవేత్తలు ఎంత జాగ్రత్తగా కట్టిన పరికరములో కూడా కొంచెము ఆవేశము కారిపోతూనే ఉండేది. నేలలోని రాళ్ల నుండి వచ్చే వికిరణము దీనికి కారణమని అందరూ అనుకొన్నారు. అలాగైతే నేలకు దూరముగా పోయేకొద్దీ అది తగ్గాలి గదా? థియొడార్ వుల్ఫ్ అనే జర్మను గురువు, చర్చి సేవకుడైయుండి భౌతిక శాస్త్రము బోధించేవారు, 1910లో తన పరికరమును పారిస్‌లోని ఈఫిల్ టవరు పైకి తీసుకొనిపోయారు. అక్కడ అనుకున్నంతగా తగ్గలేదు.

రెండేళ్ల తరువాత ఆస్ట్రియా దేశస్థుడు విక్టర్ హెస్ బెలూనెక్కారు. 1912 ఏప్రిల్ 17న సూర్యగ్రహణ సమయములో పైకి పోయి చూశారు. సూర్యుడు మరుగైనా లెక్క తగ్గలేదు, కాబట్టి ఇవి ముఖ్యముగా సూర్యుని నుండి వచ్చేవి కావని గ్రహించారు. ఆగస్టు 7న 5,300 మీటర్ల ఎత్తు వరకు పోయారు. పైకి పోయేకొద్దీ తగ్గడానికి బదులు లెక్క బాగా పెరిగింది. అంటే వచ్చేది క్రింది నుండి కాదు, పైనుండి! ఈ పనికి 1936లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. వుల్ఫ్ గారు, హెస్ గారు ఇద్దరూ ముందుగా ‘ఇలా అయితే లెక్క ఇలా ఉండాలి’ అనుకొని, పోయి లెక్కపెట్టి, వచ్చిన అంకెను ఒప్పుకొన్నారు. మీ పాప అడిగింది కూడా అదే.

గొర్రెల రైతు కొడుకు చూసిన మబ్బు

స్కాట్లండ్‌లో ఒక గొర్రెల రైతుకు పుట్టిన చార్లెస్ విల్సన్ నాలుగేళ్లకే తండ్రిని పోగొట్టుకొన్నాడు. 1894లో ఆయన బెన్ నెవిస్ అనే కొండ మీది పరిశోధన కేంద్రములో కొన్ని వారాలు గడిపాడు. కొండ చుట్టూ కమ్మిన మబ్బుల మీద ఎండ పడి రంగుల వలయాలు కట్టడము చూసి ముచ్చటపడి, అలాంటి మబ్బును గాజు పాత్రలో తయారుచేయాలని పూనుకొన్నాడు. ఆ పని చేస్తూ చేస్తూ, విద్యుత్ కణము పోయిన దారి వెంట సన్నని మంచు గీత ఏర్పడుతుందని కనుగొన్నాడు. 1911 నాటికి ఆ గీతలను ఫోటో తీయగలిగాడు. దానినే మేఘ పేటిక అంటారు. ఆకాశములో విమానము కనబడకపోయినా దాని వెనుక తెల్లని గీత కనబడినట్టే ఇదీను.

ఈ మేఘ పేటికలో చిన్న రకమును బడిలోనే చేయవచ్చు. ఒక గాజు తొట్టి, లోపల పైభాగాన ఆల్కహాలుతో తడిపిన మందపాటి గుడ్డ, అడుగున నల్లని లోహపు పళ్లెము, పళ్లెము క్రింద డ్రై ఐస్, పక్కనుండి ఒక టార్చి వెలుగు ఉంటే చాలు. గది చీకటి చేసి పది పదిహేను నిమిషాలు ఓపిక పడితే, పళ్లెము మీద సాలెపోగుల్లాంటి తెల్లని గీతలు పుట్టి మాయమవుతుంటాయి. పొడవుగా, సన్నగా, తిన్నగా పోయే వాటిలో మ్యూయాన్లుంటాయి. పొట్టిగా, లావుగా ఉండేవి గాలిలోని రేడాన్ వాయువు నుండి వచ్చినవి.

పల్లెలో ఇబ్బందల్లా డ్రై ఐస్ తోనే. అది పెద్ద పట్టణాలలోనే దొరుకుతుంది, తెచ్చిన మర్నాటికి ఆవిరైపోతుంది. దాని చల్లదనము సున్నాకు 78 డిగ్రీలు క్రింద. వట్టి చేత్తో ముట్టుకుంటే కాలినట్టు బొబ్బలెక్కుతుంది. మూత బిగించిన డబ్బాలో ఉంచితే డబ్బా పేలుతుంది. తలుపులు మూసిన గదిలో ఎక్కువ వాడకూడదు. ఆల్కహాలుకు నిప్పు అంటుకుంటుంది. కనుక మాస్టారు దగ్గర లేకుండా పిల్లలు దీనిని చేయరాదు.

మన దేశము వారు చేసిన పని

ఇదంతా దూర దేశాల కథ అనుకోవద్దు. 1930లలో ఆర్థర్ కాంప్టన్ అనే అమెరికా శాస్త్రవేత్త ప్రపంచమంతటా మనుషులను పంపి విశ్వకిరణాలను కొలిపించాడు. ఆయన తండ్రి ప్రెస్బిటేరియన్ సేవకుడు, సోదరి మన దేశములో మిషనెరీగా పనిచేసింది. భూమధ్య రేఖ దగ్గర లెక్క తక్కువ, ఉత్తర దక్షిణాలకు పోతే ఎక్కువ అని తేలింది. భూమి అయస్కాంత శక్తి వాటిని పక్కకు తోస్తున్నదని, అందుచేత అవి విద్యుదావేశముగల కణాలని దానితో రుజువైంది. షికాగోలో ఆయన దగ్గర చదివిన పియారా సింగ్ గిల్ తిరిగివచ్చి లాహోరులోని ఫోర్మన్ క్రైస్తవ కళాశాలలో ఈ కిరణాల మీద పరిశోధన సాగించారు.

ఆడపిల్లలు ప్రత్యేకముగా తెలుసుకోవలసిన పేరు బిభా చౌధురి. కలకత్తాకు చెందిన ఈమె, తన గురువు డి.ఎమ్. బోసుతో కలసి 1938 నుండి డార్జిలింగు కొండల మీద ఫోటో ప్లేట్లు ఉంచి, వాటి మీద విశ్వకిరణాలు గీసిన గీతలను పరిశీలించింది. యుద్ధకాలము గనుక వారికి మంచి రకము ప్లేట్లు దొరకలేదు. అదే విధానమును మంచి ప్లేట్లతో సాగించిన ఇంగ్లండువాడు సెసిల్ పావెల్‌కు 1950లో నోబెల్ బహుమానము దక్కింది. టాటా మూల పరిశోధన సంస్థలో పరిశోధకురాలిగా చేరిన మొదటి స్త్రీ ఈమే. 1991లో కన్నుమూసింది. 2019లో ఒక నక్షత్రానికి ఆమె పేరు పెట్టారు.

మన చిత్తూరు జిల్లా సరిహద్దు అవతలనున్న కోలారు బంగారు గనుల్లో తెలుగు, తమిళ కుటుంబాలు తరతరాలుగా పనిచేశాయి. ఆ గనుల్లోకే 1960లలో టాటా సంస్థ శాస్త్రవేత్తలు పరికరాలు దించారు. దిగేకొద్దీ మ్యూయాన్లు తగ్గిపోయాయి. సుమారు 2,700 మీటర్ల లోతున వారాల తరబడి చూసినా ఒక్కటీ రాలేదు. అంత నిశ్శబ్దమైన చోటు దొరికింది గనుకనే, 1965లో అక్కడ వాతావరణములో పుట్టిన న్యూట్రినో కణాల జాడను పట్టగలిగారు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. హైదరాబాదులో 1969లో నెలకొల్పిన బెలూను కేంద్రము నుండి పెద్ద బెలూన్లు పరికరాలను మోసుకొని గాలి పొర పై అంచులకు ఎగిరాయి. మన వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయములో అణుకేంద్ర భౌతిక శాస్త్ర విభాగమునకు 1950లలోనే స్వామి జ్ఞానానంద పునాది వేశారు. రామతీర్థం పిల్లలకు సందేహము వస్తే అడగడానికి ఆ విభాగము బస్సు దూరములోనే ఉంది.

బడికి అందే ధరలో

చాలా కాలము ఈ పరికరాలు లక్షల రూపాయల మాట. 1999లో అమెరికాలో మొదలైన క్వార్క్‌నెట్ అనే పథకము విశ్వకిరణ పరికరాలను ఉన్నత పాఠశాలలకు చేర్చింది. ఇటలీలో పిల్లలే పెద్ద పరికరాలు కట్టి తమ బడుల్లో నిలిపారు. కాని అవి బరువైనవి, ఖరీదైనవి.

2017 ప్రాంతములో అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో పరిశోధక విద్యార్థి స్పెన్సర్ అక్సాని, పోలండు శాస్త్రవేత్తలతో కలసి కాస్మిక్ వాచ్ అనే చిన్న పరికరమును రూపొందించాడు. చేతిలో ఇమిడిపోతుంది. తయారీ విధానమంతా ఎవరైనా ఉచితముగా వాడుకొనేటట్లు ప్రకటించారు. పనిచేసే తీరు సులభము. 5 సెంటీమీటర్ల పొడవు, 5 వెడల్పు, 1 మందముగల ఒక ప్రత్యేక ప్లాస్టిక్ పలక ఉంటుంది. మ్యూయాన్ దాని గుండా పోతే లోపల అతి చిన్న మెరుపు మెరుస్తుంది. పక్కనే అతికించిన సిలికాన్ బిళ్ల ఆ మెరుపును పట్టి విద్యుత్తుగా మారుస్తుంది. ఆర్డుయినో అనే చిన్న కంప్యూటరు బల్ల దానిని లెక్కలో వేస్తుంది. మన దేశములో 2016 నుండి ఎన్నో బడులలో పెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబులలో ఈ ఆర్డుయినో బల్లలు పిల్లలకు అలవాటే. మీ దగ్గర బడిలో ఆ ల్యాబు ఉన్నదేమో ముందు కనుక్కోండి.

ఒక పరికరానికి విడిభాగాల ఖర్చు సుమారు 100 డాలర్లు. మన రూపాయల్లో 9,000 పైమాటే అనుకోండి. ప్లాస్టిక్ పలకను, సిలికాన్ బిళ్లను బయటి దేశాల నుండి తెప్పించవలసి రావచ్చు. ఆ ఖర్చు, సుంకము అదనము.

ఒకటి సరిపోదు, రెండు కావాలి. ఎందుకో చెబుతాను. మన భీమునిపట్నము తీరపు ఇసుకలో మోనజైట్ అనే ఖనిజముంది. అందులోని థోరియము కూడా వికిరణమునిస్తుంది. మామూలు రాయి, ఇటుక కూడా కొంత ఇస్తాయి. ఒక్క పలక అయితే వాటినీ కలిపి లెక్కపెట్టేస్తుంది. రెండు పలకలు ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండూ ఒకే క్షణములో మెరిసినప్పుడే లెక్కలో వేయాలి. ఇసుకలో పుట్టిన బలహీనమైన కిరణము చాలా మట్టుకు ఒక పలకతోనే ఆగిపోతుంది. మ్యూయాన్ రెండింటినీ దూసుకుపోతుంది. ఊరి పంచాయితీలో ఒక్కని మాట మీద తీర్పు చెప్పరు గదా, ఇద్దరు సాక్షులు కావాలంటారు. ఇక్కడా అంతే.

అంత డబ్బు లేనివారికి ఒక దారుంది. ఆ రాత్రి మీరు ఆపేసిన ఫోనుతోనే మొదలుపెట్టవచ్చు! ఫోను కెమెరాలోని బిళ్ల గుండా మ్యూయాన్ పోతే ఒక తెల్లని చుక్క గాని, గీత గాని పడుతుంది. కెమెరా మీద నల్లని టేపు వెలుగు చొరకుండా అంటించి, రాత్రంతా కదలకుండా ఉంచాలి. పోలండులో 2016లో మొదలై అనేక దేశాలకు వ్యాపించిన క్రెడో అనే బృందము దీనికి ఒక ఆప్ తయారుచేసింది. బిళ్ల చాలా చిన్నది గనుక దొరికేవి తక్కువే. ఫోను వేడెక్కితే దొంగ చుక్కలు కూడా పడతాయి, కాబట్టి మన ఎండాకాలము కంటె చలికాలపు రాత్రులు మేలు. ఇది రుచి చూపించడానికే గాని సరియైన లెక్కకు చాలదు.

రామతీర్థం కొండ పక్కన

విజయనగరానికి సుమారు 12 కిలోమీటర్ల దూరాననున్న రామతీర్థం చుట్టూ పెద్ద రాతి కొండలున్నాయి. బోధికొండ, గురుభక్తుల కొండ, దుర్గకొండ అని వాటి పేర్లు. వాటి మీద పాత బౌద్ధ, జైన శిథిలాలున్నాయి. క్రింద రామాలయము, ఊళ్లు, పొలాలు. ఈ పరిశోధనకు ఇంతకంటె మంచి చోటు వెదికినా దొరకదనిపిస్తుంది. తరగతి పిల్లలు ఏమేమి చేయవచ్చో చెబుతాను.

మొదటిది, ఆ అబద్ధపు కబురును పరీక్షించడము. సాయంత్రము 6 నుండి తెల్లవారి 6 వరకు జంట పలకలను ఒకే చోట ఉంచి గంట గంటకు అంకె రాయాలి. గంటకు 900 వచ్చిందనుకోండి. తరువాతి గంటలో 921, ఆ తరువాత 874 రావచ్చు. పరికరము చెడిందా? లేదు. ఎప్పుడు పడతాయో తెలియని వాటిని లెక్కపెడితే అంకె కొంచెము అటూ ఇటూ ఆడుతుంది. ఎంత ఆడవచ్చో చెప్పే సూత్రముంది: వచ్చిన అంకెకు వర్గమూలము తీయండి. 900కు వర్గమూలము 30. మూడింట రెండు సార్లు అంకె 870కి, 930కి మధ్యన ఉంటుంది. 12.30 నుండి 3.30 వరకు మూడు గంటలకు 2,700 రావాలి, 52 అటూ ఇటూగా. నిజముగా ఆ రాత్రి ఏదో పెద్ద ప్రవాహము వచ్చి ఉంటే నోటు పుస్తకములో అంకె రెండింతలో మూడింతలో కావాలి గదా! కాలేదంటే, ఆ కబురుకు జవాబు పాప చేతి రాతలోనే ఉంటుంది.

రెండవది, వాలు. పలకలను కొంచెము ఎడముగా అమర్చి ఒక గొట్టమువలె ఆకాశము వైపు గురిపెట్టాలి. నిట్టనిలువుగా పెట్టినప్పటి కంటె 45 డిగ్రీలు వంచితే సుమారు సగము, 60 డిగ్రీలు వంచితే సుమారు పావు వస్తాయి. ఏటవాలుగా వచ్చేవి ఎక్కువ గాలి దాటి రావాలి గనుక తగ్గిపోతాయి. కోణాలు, త్రికోణమితి ఎందుకు నేర్చుకోవాలని అడిగే పిల్లలకు ఇదే జవాబు.

మూడవది, కొండ. నిలువు రాతి పక్కన నిలబడి, 45 డిగ్రీల వాలున ఒక గంట పొలాల వైపు, ఒక గంట కొండ వైపు గురిపెట్టాలి. రాయి అడ్డున్న వైపు లెక్క బాగా తగ్గాలి. పది మీటర్ల రాయి వచ్చే మ్యూయాన్లలో చాలా భాగమును ఆపేస్తుంది. కోలారు గనిలో జరిగిన పరీక్షకు ఇది చిన్న నమూనా. ఐగుప్తులోని కూఫు పిరమిడ్డు రాళ్ల మధ్య ఒక పెద్ద ఖాళీ ఉన్నదని 2017లో ప్రకటించినది కూడా ఈ విధముగా లెక్కపెట్టే. ఇందుకు గుడి మెట్లు గాని శిథిలాలు గాని ఎక్కనక్కర లేదు. రక్షిత స్థలాల జోలికి పోకుండా, ఊరివారితో చెప్పి, కొండ క్రింద ఏదైనా రాతి నీడన చేసుకోవచ్చు.

నాల్గవది, సుమారు 900 మీటర్ల ఎత్తుననున్న అరకుకు విహారయాత్ర పోయినప్పుడు పరికరమును సంచిలో వేసుకోవడము. అక్కడ లెక్క పెరగాలి. ఎంత పెరిగిందో పిల్లలే రాసి తేవాలి. హెస్ గారు బెలూనెక్కి చూసినదానిని వీరు బస్సెక్కి చూస్తారు.

ఒక హెచ్చరిక. లెక్క ఎన్నడూ మారదని పిల్లలకు చెప్పకండి. తుఫాను ముందు గాలి ఒత్తిడి పడిపోతే లెక్క కాస్త పెరుగుతుంది. ఊటీలోని గ్రేప్స్ అనే పెద్ద కేంద్రములో 2014 డిసెంబరు 1న ఉరుములతో మబ్బు కమ్మినప్పుడు మ్యూయాన్లు కొంచెము తగ్గాయి. ఆ తగ్గుదలను బట్టి ఆ మబ్బులో 130 కోట్ల వోల్టుల విద్యుత్తు ఉన్నదని లెక్కకట్టి 2019లో ప్రకటించారు. మార్పు వచ్చినప్పుడు భయపడక కారణము వెదకాలని దీని అర్థము.

ఖర్చు మాట

ఇప్పుడు పెద్దలు నన్ను అడుగుతారు: “అమ్మా, మా బడి కప్పు కురుస్తోంది, ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదు. ఇరవై వేలు పోసి కనబడని కణాలు లెక్కపెట్టాలా?” న్యాయమైన ప్రశ్న. కప్పు, తలుపు ముందు. అందులో నాకు రెండో మాట లేదు. ప్రతి బడీ ఒకటి కొనాలని నేను చెప్పను. మండలములోని నాలుగైదు బడులు కలసి ఒక జత కొని, నెలకొక బడికి తిప్పుకుంటే చాలు. ఉద్యోగాలలో స్థిరపడిన పాత విద్యార్థులు తలా కొంత వేస్తే అది పెద్ద భారము కాదు. కొనే ముందు, దానిని బీరువాలో పెట్టి తాళము వేయనని చెప్పే ఒక మాస్టారిని గాని, టీచరమ్మను గాని వెదకండి. బడుల్లో ప్లాస్టిక్ కవరు విప్పని పరికరాలు నేను చాలా చూశాను.

ఇరవై వేలకు వచ్చేది కణాల లెక్క ఒక్కటే అయితే నేనూ వద్దనేదానిని. మన పిల్లలు భౌతిక శాస్త్రమును ఎక్కువగా కంఠస్థము చేస్తారు. పుస్తకములో జవాబు ముందే ఉంటుంది, ప్రయోగము చేసినా ఆ జవాబు వచ్చేదాకా అంకెలు దిద్దుతారు. కొండ నీడన ఎన్ని మ్యూయాన్లు వస్తాయో ఏ గైడులోనూ లేదు. పాప లెక్కపెట్టి ‘ఇంత వచ్చింది, ఇంత అటూ ఇటూ కావచ్చు, ఇంతకు మించి నాకు తెలియదు’ అని రాయాలి. ఆ మూడు మాటలు చెప్పడము అలవాటైన పిల్ల, రేపు ఫోనులో వచ్చిన మందుల కబురును, వడ్డీ వ్యాపారి చెప్పిన అంకెను, ఎన్నికలప్పుడు పుట్టిన పుకారును కూడా అలాగే అడుగుతుంది. చెల్లెమ్మా, మీ ఇంట్లో ఆ రాత్రి మూడు సార్లు మోగవలసిన ఫోను మోగలేదు. ఈ చదువు విలువ మీకు నేను వేరే చెప్పనక్కర లేదు.

పాపను పదో తరగతితో ఆపకండి. ప్రశ్న అడిగినందుకు కూర్చోబెట్టినా, మళ్లీ లేచి అడగమని చెప్పండి.

ఈ నెల ఇంటి పని

పరికరము లేకుండానే ఈ విద్య మొదలుపెట్టవచ్చు. సన్నని తుంపర పడేటప్పుడు పిల్లల పలకను వానలో ఐదు సెకన్లు చాపి, లోపలికి తెచ్చి చినుకుల మచ్చలు లెక్కపెట్టండి. తుడిచి మళ్లీ చేయండి. పది సార్లు చేసి పది అంకెలు రాయండి. ఒకే వాన, ఒకే పలక, అయినా అంకెలన్నీ ఒకటిగా రావు. సరాసరి 16 వస్తే, చాలా అంకెలు 12కు 20కి మధ్యన ఉన్నాయేమో చూడండి. ఒక్కసారి 40 వస్తే, వాన పెరిగిందా, లేక చూరు నీరు పడిందా అని వెదకండి. తాతగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకొని చేయండి.

మీ పది అంకెలు కార్డు మీద రాసి పంపితే వచ్చే నెలలో వాటిని గూర్చి మాట్లాడుకుందాము. రామతీర్థం పాపా, నీ కార్డు కొరకు ప్రత్యేకముగా ఎదురుచూస్తుంటాను. మీ నాన్నగారి ఆరోగ్యము కుదుటపడిందని కూడా రాయమ్మా.

అందరికీ సెలవు.